నఅంక కరువులో రాని విప్లవం పారిస్‌లో ఎందుకు వచ్చింది?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడిలో ఒడియాలో చదువుకొని, ఇంటికి వచ్చి తెలుగులో సందేహాలు అడుగుతుంది. ఫ్రెంచి విప్లవం పాఠానికి "రొట్టె ధర పెరిగింది, ప్రజలు ఆకలితో అలమటించారు, కాబట్టి రాజు పడిపోయాడు" అని జవాబు రాసుకుంది. పక్కనే కూర్చున్న మా అత్తగారు అది విని, "నఅంక కరువులో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయని మా పెద్దలు చెప్పేవారు. మరి అప్పుడు ఏ రాజు పడిపోయాడే?" అన్నారు. అమ్మాయి నా ముఖం చూసింది. నేనేమీ చెప్పలేకపోయాను. అమ్మాయి జవాబు తప్పా? తప్పయితే ఎలా సరిదిద్దమంటారు?
— ఒక తల్లి, పర్లాకిమిడి

సమాధానం:

అమ్మా, మీ అమ్మాయి జవాబుకు ఎన్ని మార్కులు వస్తాయో గాని, మీ అత్తగారి ప్రశ్నకు మాత్రం అంతకంటే ఎక్కువే ఇవ్వాలి. అమ్మాయి రాసిన మూడు విషయాలూ నిజమే. రొట్టె ధర పెరిగింది, జనం అలమటించారు, రాజు పడిపోయాడు. చిక్కల్లా నడుమనున్న "కాబట్టి" అనే మాటతోనే. ఆ మాట మోయలేనంత బరువును అమ్మాయి దాని మీద పెట్టింది.

దీన్ని పరీక్షించడానికి 1866లో ఒడిశాను తుడిచిపెట్టిన మన నఅంక కరువు దాకా కూడా రానక్కరలేదు. 1693, 94 సంవత్సరాలలో ఫ్రాన్సులో వచ్చిన కరువులోనూ, దానిని వెన్నంటిన జబ్బులలోనూ పది లక్షలకు పైగా ప్రజలు చనిపోయారు. 1709లో నదులు గడ్డకట్టిన చలికాలం పంటను నాశనం చేసినప్పుడు మరికొన్ని లక్షల మంది పోయారు. ఆ రెండు కరువుల కాలంలోనూ సింహాసనం మీద ఉన్నవాడు పద్నాలుగో లూయీ. ఆయన డెబ్బై రెండేళ్లు రాజ్యం చేసి, 1715లో తన పడకమీదనే కన్నుమూశాడు. 1789 నాటి ఆకలి వీటితో పోలిస్తే చిన్నదే. చావుల లెక్కనుబట్టే సింహాసనాలు కూలేటట్లయితే, ఫ్రెంచి రాచరికం ఒక శతాబ్దం ముందే పోయి ఉండాలి.

ఇంకా దగ్గరి ఉదాహరణ 1775 నాటిది. ఆనాటి రాజు పదహారో లూయీ, అంటే మీ అమ్మాయి పాఠంలోని రాజే. అప్పటికాయనకు ఇరవై ఏళ్లు, గద్దెనెక్కి ఏడాది. ముందటి ఏడు పంట సరిగా పండలేదు. ఆర్థిక వ్యవహారాలు చూసే మంత్రి తుర్గో ధాన్యం వ్యాపారం మీద ఉన్న కట్టుబాట్లను అప్పుడే సడలించాడు. ధర ఎగబాకింది. పారిస్ చుట్టుపక్కల సంతల్లో జనం ధాన్యం బళ్లను అడ్డగించి, తమకు న్యాయమని తోచిన ధర కట్టి గింజలు పట్టుకుపోయారు. దానికి "పిండి యుద్ధం" అనే పేరు మిగిలింది. ప్రభుత్వం పాతిక వేల మంది సైనికులను దింపింది, ఇద్దరిని ఉరితీసింది, కొన్ని వారాల్లో అంతా సద్దుమణిగింది. అదే రాజు, అదే రొట్టె, అదే పారిస్. పద్నాలుగేళ్ల తర్వాత అదే జనం అదే రాజు బాస్తీయ్ కోటను పట్టుకున్నారంటే, ఈ నడుమ మారినది ఆకలి కాదు. ఏం మారిందో వెతుక్కోవడమే మీ ప్రశ్నకు దారి.

మొదట మారినది ఖజానా. ఇంగ్లండు మీద పగ తీర్చుకోవడానికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో దిగిన ఫ్రాన్సు వంద కోట్ల లీవ్రులకు (లీవ్రు అప్పటి ఫ్రెంచి డబ్బు) మించి ఖర్చు పెట్టింది. అందులో చాలా భాగం అప్పే. 1788 నాటి లెక్క చూస్తే రాబడి సుమారు 50 కోట్ల లీవ్రులు, వ్యయం సుమారు 63 కోట్లు. ఆ వ్యయంలో 31 కోట్లకు పైగా, అంటే సగం, కేవలం అప్పుల కింద పోయేది. మన పాఠాలు రాణి మేరీ ఆంత్వానెత్ నగల గురించీ, వెర్సాయి రాజభవనం విందుల గురించీ తెగ చెబుతాయి గాని, రాజ దర్బారు ఖర్చు మొత్తం వ్యయంలో వందకు ఆరు పాళ్లు మాత్రమే. ఆమె "రొట్టె లేకపోతే కేకు తినమనండి" అన్నదనే కథ కూడా కట్టుకథే. ఆమె ఫ్రాన్సుకు కోడలిగా రాకముందే ఆ మాట పేరులేని ఒక రాకుమారి అన్నదిగా రాతలోకి ఎక్కింది. అమ్మాయి జవాబులో అది ఉంటే ముందు దాన్ని కొట్టేయించండి.

అప్పు ఉండటం ఒక్కటే ప్రమాదం కాదు. ఇంగ్లండుకూ అప్పుంది, అయినా అక్కడ పార్లమెంటు ఒప్పుకొని పన్ను వేస్తుంది గనుక అప్పిచ్చేవాడికి ధైర్యం. ఫ్రాన్సులో మతాధికారులూ ప్రభువులూ భూమిలో పెద్ద భాగాన్ని తమ చేతిలో ఉంచుకొని, "తాయ్" అనే ముఖ్యమైన పన్ను నుంచి చాలావరకు తప్పించుకునేవారు. మోయలేనివాడి మీదే మోత. 1786లో మంత్రి కలోన్ రాజు దగ్గరకు వెళ్లి, ఇక అందరి భూమి మీదా పన్ను వేయక తప్పదన్నాడు. 1787 ఫిబ్రవరిలో 144 మంది పెద్దలను పిలిచి సమ్మతి అడిగితే వారు తల అడ్డంగా ఊపారు. తర్వాత వచ్చిన మంత్రి బ్రియెన్ పార్లమాఁలను అడిగాడు. పేరు పార్లమెంటులా వినిపించినా అవి శాసనసభలు కావు, ప్రభువుల చేతిలో ఉన్న ఉన్నత న్యాయస్థానాలు. కొత్త పన్ను వేయాలంటే ఎస్టేట్స్ జనరల్‌ను, అంటే మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల సభను, పిలవాల్సిందేనని అవి మొండికేశాయి. ఆ సభ చివరిసారి కూర్చున్నది 1614లో.

ఇక్కడ కాసేపు ఆగమని అమ్మాయికి చెప్పండి. రాజును మొదట ధిక్కరించినవారు ఆకలిగొన్నవారు కారు, కడుపు నిండినవారే. వారు ప్రజల కోసం ధిక్కరించలేదు, తమ పన్ను మినహాయింపులను కాపాడుకోవడానికి ధిక్కరించారు. అయితే అలా చేస్తూ వారు వాడిన మాటలు మాత్రం దేశం, హక్కులు, నిరంకుశత్వం అనేవి. ఆ మాటలు గోడలు దాటి వీధిలోకి వెళ్లాయి. 1788 జూన్‌లో గ్రెనోబుల్ పట్టణంలో న్యాయస్థానాన్ని కాపాడతామంటూ జనం మేడలెక్కి సైనికుల మీద పెంకులు విసిరారు. ఆగస్టు 8న రాజు లొంగిపోయి, వచ్చే మే నెలలో ఎస్టేట్స్ జనరల్ కూర్చుంటుందని ప్రకటించాడు. ఆగస్టు 16న ఖజానా చెల్లింపులను నిలిపివేసింది. దివాలా అన్న మాట వాడలేదు గాని అర్థం అదే.

ఇంతవరకు రొట్టె ప్రసక్తే రాలేదని గమనించారా? అది ఇప్పుడు వస్తుంది. ఖజానా మూతపడటానికి సుమారు నెల ముందు, 1788 జూలై 13న, కోతకు వచ్చిన పంట మీద పారిస్ చుట్టుపక్కల పెద్ద వడగళ్ల వాన పడింది. తర్వాతి చలికాలంలో నదులు గడ్డకట్టి నీటి తిరగళ్లు తిరగలేదు. మామూలుగా ఎనిమిది తొమ్మిది సూలు (సూ అంటే చిల్లర నాణెం) ఉండే నాలుగు పౌన్ల రొట్టె 1789 ఫిబ్రవరికి పద్నాలుగున్నర సూలైంది. మన లెక్కలో చెప్పాలంటే, రోజుకు పది రూపాయల కూలిలో అంతకుముందు ఐదు రూపాయలు రొట్టెకు పోతే, ఇప్పుడు దాదాపు తొమ్మిది పోతున్నాయి. మిగిలిన రూపాయిలోనే కూర, కట్టెలు, గుడ్డ, అద్దె. ఇంగ్లండుతో 1786లో కుదిరిన వర్తక ఒప్పందం వల్ల అక్కడి చవక బట్ట వచ్చిపడి, నేతపని నమ్ముకున్న ఊళ్లలో ఆ కూలి కూడా కరువైంది. మన మన్యం అంచు ఊళ్లలో చోడి అంబలి ఎంతో, అక్కడి కూలివాడికి ఆ రొట్టె అంత. అది పక్కవంటకం కాదు, భోజనమే అది.

ఆకలి కొత్తది కాదు, అది వచ్చిన సమయమే కొత్తది. సరిగ్గా ఆ నెలల్లోనే ఎస్టేట్స్ జనరల్ కోసం ఊరూరా జనాన్ని సమావేశపరచి, "మీ కష్టాలేమిటో రాసి పంపండి" అని రాజే ఆనతిచ్చాడు. ఇలాంటి మనవి పుస్తకాలు పదుల వేలు తయారయ్యాయి. ఉప్పు పన్ను గురించి రాశారు. ప్రభువుల పావురాలు తమ విత్తులు తినిపోతున్నా వాటిని కొట్టే హక్కు తమకు లేదని రాశారు. వేట పేరుతో ప్రభువులు చేలు తొక్కడం గురించి రాశారు. రాజును దించమని రాసినవారు దాదాపు లేరు, రాజు మంచివాడు, చుట్టూ ఉన్నవారే చెడ్డవారు అన్నదే చాలామంది నమ్మకం. అయినా చదువురానివాడు కూడా రచ్చబండ దగ్గర కూర్చొని తన కష్టాన్ని ఒక్కొక్కటిగా చెప్పుకొని, అది కాగితం మీదికి ఎక్కడం చూసి, దానికి జవాబు వస్తుందని ఎదురుచూశాడు. అదివరకు కరువు దేవుడి కోపం. ఇప్పుడది జవాబు రాని అర్జీ. ఫ్రెంచి విప్లవం మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసే ఘట్టం ఇదే, బాస్తీయ్ కోట కాదు.

తర్వాతి సంగతులు మీ అమ్మాయి పాఠంలో ఉంటాయి గనుక క్లుప్తంగా చెబుతాను. మే 5న సభ కూర్చుంది. వర్గానికి ఒక ఓటా, మనిషికి ఒక ఓటా అన్న తగాదాలో సామాన్యుల మూడో వర్గం జూన్ 17న తనను తాను జాతీయ సభగా ప్రకటించుకుంది. రాజు పారిస్ చుట్టూ దళాలను చేర్చి, జూలై 11న ప్రజలకు నమ్మకమున్న మంత్రి నెకర్‌ను తొలగించాడు. పట్టణంలో రొట్టె ధర అప్పటికి శిఖరాన ఉంది. జూలై 14న బాస్తీయ్ ముందు చేరినవారు వెతికినది తుపాకి మందు కోసం. ఆ రోజు ఫలితం తేల్చినది మాత్రం ఫ్రెంచి గార్డులు అనే రాజ దళంలోని సైనికులు ఫిరంగులతో సహా వచ్చి జనం పక్కన నిలబడటం. 1775లో రాజు చెప్పిన చోటికి కదిలిన సైన్యం 1789లో కదలలేదు, కదులుతుందన్న నమ్మకం రాజుకే పోయింది. అక్టోబరు 5న పారిస్ సంత ఆడవాళ్లు వానలో నడిచి వెర్సాయికి వెళ్లి, మర్నాడు రాజకుటుంబాన్ని పారిస్‌కు తీసుకువస్తూ, రొట్టెలు కాల్చేవాణ్ణీ, వాడి పెళ్లాన్నీ, వాడి కొడుకునూ పట్టుకొస్తున్నామని అన్నారట. జనానికి రొట్టె చూపించవలసిన బాధ్యత రాజుదేనన్న పాత నమ్మకం ఆ వేళాకోళంలోనే ఉంది. ఆ నమ్మకమే ఆయనకు కిరీటం, ఆ నమ్మకమే ఆయనకు ఉరి.

ఉరి అన్నది మాటవరసకే. ఆయన తల పోయినది గిలెటిన్ కింద, 1793 జనవరి 21న. మీ అమ్మాయి జవాబులో ఇంకో దూకుడు ఇక్కడుంది. రొట్టె ధర పెరిగిన 1789కీ, రాచరికం రద్దైన 1792 సెప్టెంబరుకూ నడుమ మూడేళ్లకు పైగా ఉన్నాయి. ఆ మూడేళ్లలో రాజు కొత్త రాజ్యాంగానికి ఒప్పుకొని కాలం గడిపే దారి ఉండేది. 1791 జూన్‌లో మారువేషంలో సరిహద్దు దిక్కుగా పారిపోతూ వారెన్ అనే ఊళ్లో దొరికిపోవడం, 1792 ఏప్రిల్‌లో ఆస్ట్రియాతో యుద్ధం, రాజు శత్రువుతో కలిసి ఉన్నాడన్న అనుమానం ఆ దారిని మూసేశాయి. ఆకలి ఆయనను వెర్సాయి నుంచి పారిస్‌కు తెచ్చింది, వధ్యశిల దాకా తీసుకువెళ్లింది మాత్రం ఆయన మీద పోయిన నమ్మకం.

రష్యా కథ కూడా ఇదే వరుసలో నడుస్తుంది. 1891, 92ల కరువులో అక్కడ నాలుగు లక్షలకు అటూఇటూగా చనిపోయారు, చక్రవర్తికి ఏమీ కాలేదు. 1905లో దేశమంతా లేచింది. సైన్యంలో ఎక్కువ భాగం మాట వింది గనుక, శాసనసభ ఇస్తానని చెప్పి అప్పటి చక్రవర్తి రెండో నికొలాయ్ గట్టెక్కాడు. 1917 మార్చి 8న పెత్రోగ్రాద్‌లో రొట్టె వరుసల్లో విసిగిన మిల్లు ఆడవాళ్లు వీధికెక్కారు. మార్చి 12న కాల్చమన్న దళాలు కాల్చకుండా ఎదురుతిరిగాయి. 15న చక్రవర్తి గద్దె దిగాడు. 1915 నుంచి యుద్ధ సేనాధిపత్యాన్ని తనే నెత్తిన వేసుకున్నందువల్ల, ప్రతి ఓటమికీ సంజాయిషీ ఆయనే చెప్పుకోవలసి వచ్చింది.

ఇప్పుడు మీ అత్తగారి కరువుకు వద్దాం. 1865లో వానలు ముందే వెళ్లిపోయి పంట ఎండిపోయింది. బియ్యం తెప్పించాలన్న మాటను కలకత్తాలోని అధికారులు తోసిపుచ్చారు. ధర పెరిగితే వర్తకులే తెస్తారన్నది వారి సిద్ధాంతం. తెప్పిద్దామనుకునేసరికి 1866 వానాకాలం వచ్చి, ఓడల నుంచి సరుకు దించడమే గగనమైంది. ఒడిశాలో దాదాపు పది లక్షల మంది, అంటే మూడోవంతు జనం, పోయారు. గంజాం కూడా దెబ్బతిన్నది. మన వైపు అప్పట్లో మద్రాసు కింద, కటకం వైపు కలకత్తా కింద ఉండేవి.

ఆ కరువు పేరులోనే జవాబుంది. నఅంక అంటే పూరీ గజపతి రాజు దివ్యసింహదేవుని పాలనలో తొమ్మిదో అంకం. ఆ లెక్కలో ఒకటినీ ఆరునూ వదిలేస్తారు గనుక నిజానికది ఏడో ఏడు. జనం తమ కష్టానికి రాజు పేరనే కాలం లెక్క కట్టారు గాని, ఆ రాజు చేతిలో ఖజానా లేదు, సైన్యం లేదు, ధాన్యం తెప్పించే అధికారమూ లేదు. గుడి సేవ మాత్రం ఉంది. అధికారం ఉన్నది కంటికి కనబడని కలకత్తా కచేరీలో. పారిస్ సంత ఆడవాళ్లు ఒక పూట నడిస్తే వెర్సాయి వచ్చింది. మన వాళ్లు ఎక్కడికి నడవాలి? నడిచే ఓపికా లేదు, ఎండిపోయిన కాళ్లు అన్నదాన సత్రం దాకా చేరితే అదే గొప్ప. పైన ఉన్నవారిలో వారికి తగవూ రాలేదు. 1857 తిరుగుబాటు తర్వాత సైన్యాన్ని తిరిగి బిగించుకున్న ప్రభుత్వానికి అప్పు పుట్టడమూ కష్టం కాలేదు. అందుకని ఆ ఆకలి విప్లవం కాలేదు. వృథా కూడా కాలేదు. అదే 1866లో కటకంలో "ఉత్కళ దీపిక" అనే పత్రిక మొదలై, కరువు ఎవరి తప్పు అన్న ప్రశ్నను అచ్చులోకి తెచ్చింది. ఒడియావారి రాజకీయ మేలుకొలుపు గురించి రాసేవారు తరచుగా అక్కడినుంచే మొదలుపెడతారు.

నిజంగా రాజులున్న చోట ఏమైందో తెలుసుకోవాలంటే ఒడిశాలోని గడ్జాత్ సంస్థానాలను చూడండి. (పర్లాకిమిడి ఆ కోవలోకి రాదు. మనం రాజుగారని పిలుచుకున్నా అది మద్రాసు ప్రభుత్వానికి పేష్కషు, అంటే కప్పం, కట్టిన జమీందారీ.) 1938లో ఢెంకనాల్, తాల్చేర్, రణపూర్ వంటి చోట్ల వెట్టిచాకిరీకీ బలవంతపు వసూళ్లకూ వ్యతిరేకంగా ప్రజామండలాలు లేచాయి. ఢెంకనాల్‌లో పడవ దాటించనన్నందుకు పన్నెండేళ్ల బాజీ రౌత్‌ను కాల్చి చంపారు. తాల్చేర్ నుంచి వేలాది మంది ఇళ్లు వదిలి బ్రిటిషు పాలనలోని అనుగుల్ చేరారు. 1939 జనవరిలో రణపూర్‌లో జనం బ్రిటిషు రాజకీయ ఏజెంటునే చంపారు. అంత జరిగినా ఒక్క గద్దె కూలలేదు, ఎందుకంటే వాటిని మోస్తున్న దుంగ బయట ఉంది. ఆ దుంగ 1947 ఆగస్టులో తీసేశాక, డిసెంబరులో వల్లభ్‌భాయ్ పటేల్ కటకం వచ్చి మాట్లాడితే, రాజులు విలీన పత్రాల మీద సంతకాలు పెట్టారు. 1948 జనవరి 1 నుంచి ఆ సంస్థానాల పరిపాలన ఒడిశాకు వచ్చింది. తమ కాళ్లమీద తాము నిలవని సింహాసనాలకు విప్లవమైనా ఎందుకన్నట్టు ముగిసింది.

ఇక అమ్మాయి జవాబు. మొత్తం కొట్టేయనక్కరలేదు. 1788 సంవత్సరాన్ని ఒక కాగితం మీద నిలువుగా గీయించి, ఒక పక్క జూలై 13 వడగళ్లు, ఇంకో పక్క ఆగస్టు 8, ఆగస్టు 16 తేదీలు రాయించండి. ఒక పక్కది పొలంలో జరిగింది, ఇంకో పక్కది కచేరీలో జరిగింది. రెండూ ఒకదాని వల్ల ఒకటి రాలేదని తనకే కనిపిస్తుంది. అప్పుడు "కాబట్టి" తీసేసి ఇలా రాయమనండి: "ఖజానా ఖాళీ అయి, పన్ను ఎవరు కట్టాలన్న తగవులో రాజూ ప్రభువులూ విడిపోయి, కష్టాలు చెప్పుకోమని రాజే ప్రజలను పిలిచిన సమయంలో రొట్టె ధర పెరిగింది. సైనికులు కాల్చడానికి ఒప్పుకోలేదు." రెండు వాక్యాలే. ఒడియాలోకి మార్చినా వరుస చెడకుండా చూసుకోమనండి.

అత్తగారిని మాత్రం ఇంకో మాట అడగండి. ఆ కరువులో ఊరు వదిలినవాళ్లు ఏ దిక్కుగా వెళ్లారని పెద్దలు చెప్పేవారో, వారు ఎవరి గుమ్మం ముందు నిలబడ్డారని విన్నారో. ఆవిడ చెప్పినది అమ్మాయి చేత ఆవిడ మాటల్లోనే రాయించి పెట్టుకోండి.